చిగురు మీద పొక్కు, నొక్కితే చీము, నొప్పి మాత్రం లేదు: పన్ను చూపించుకోవాలా?

ప్రశ్న: మాది విశాఖలోని గాజువాక. నాన్నగారికి 61 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, బీపీకి టెల్మిసార్టాన్, రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ 75 వాడతారు. కిందటి నెల హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 9.2 వచ్చింది. ఎడమవైపు కింది దవడ పన్ను ఒకటి ఎప్పుడో పుచ్చిపోయింది. ఎనిమిది నెలల్లో మూడుసార్లు బుగ్గ వాచింది. వాచినప్పుడల్లా మందుల షాపులో ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన బిళ్లలు ఐదు రోజులకు తెచ్చుకుంటారు, తగ్గిపోతుంది. ఇప్పుడు ఆ పన్ను పక్కన చిగురు మీద చిన్న పొక్కు లేచింది. నొక్కితే చీము వస్తోంది. నొప్పి లేదు కాబట్టి డాక్టరు అక్కర్లేదంటున్నారు. పన్ను పీకిస్తే చూపు పోతుందని ఆయన భయం. చీము పరీక్ష చేయించి ఇంకా గట్టి యాంటీబయాటిక్ రాయించమంటారా? పన్ను తీయించాలా, రూట్ కెనాలా? రాత్రిపూట వాపు పెరిగితే ఎక్కడికి వెళ్లాలి?

సమాధానం: ఈ వారంలోనే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. నొప్పి తగ్గింది జబ్బు నయమై కాదు. ఎముక లోపల ఒత్తిడిగా ఉన్న చీము పొక్కు గుండా దారి చేసుకుని బయటికి వస్తోంది, అందుకే సలుపు లేదు. ఆ దారి ఏ రోజైనా మూసుకుపోవచ్చు. మూసుకుపోతే నాలుగోసారి వాపు వస్తుంది. హెచ్‌బీఏ1సీ 9.2 ఉన్న మనిషికి ఆ నాలుగోసారి ముందు మూడుసార్ల లాగే తేలిగ్గా పోతుందని ఎవరూ చెప్పలేరు.

గట్టి యాంటీబయాటిక్ ఆలోచన ముందు పక్కన పెట్టండి. మూడుసార్లు వేసుకున్నా వాపు తిరగబెట్టింది మందు చాలక కాదు, మందు అక్కడికి చేరక. పుచ్చు లోతుకు దిగితే పంటి మధ్యలో ఉండే గుజ్జు చచ్చిపోతుంది. రక్తనాళాలు, నరాలు ఉండేది ఆ గుజ్జులోనే. అది పోయాక వేరు లోపలి సన్నని కాలువల్లోకి రక్తం రాదు. మింగిన బిళ్ల రక్తంతోనే ప్రయాణిస్తుంది. మెయిన్ పైపు దగ్గరే కనెక్షన్ కోసేశాక ట్యాంకు నిండా నీళ్లున్నా ఆ ఇంటి కుళాయిలో చుక్క రానట్టే, ఎంత ఖరీదైన మందైనా ఆ కాలువలోకి పోదు. అక్కడి బ్యాక్టీరియా గోడలకు జిగురు పొరలా అంటుకుని బతుకుతుంది. ఆ పొరలోంచి వేరు కొన దాటి ఎముకలోకి వచ్చిన వాటితోనే శరీరం పోరాడుతుంది. ఆ పోరాటంలో తయారైనదే చీము. బిళ్లలు బయటికి వచ్చిన వాటిని తగ్గిస్తాయి, వాపు దిగుతుంది. మూలం పన్నులో అలాగే ఉంటుంది, కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

ఇది ఏదో ఒక్క క్రిమి పని కాదు. పుచ్చు ద్వారా మొదట దిగేవి గాలి ఉన్నా లేకున్నా బతికే స్ట్రెప్టోకాకస్ జాతులు. చీముగడ్డల్లో స్ట్రెప్టోకాకస్ ఆంజినోసస్ వర్గం ఎక్కువగా కనిపిస్తుంది. ఇవి లోపలి ఆక్సిజన్ వాడేస్తాయి. ఆ తర్వాత గాలి సోకితే బతకలేని ప్రివోటెల్లా, ఫ్యూసోబ్యాక్టీరియం, పార్విమోనాస్, పోర్ఫిరోమోనాస్ లాంటివి చేరి, రోజులు గడిచేకొద్దీ వాటిదే పైచేయి అవుతుంది. చీము అంత కంపు కొట్టడం వీటివల్లే. ఇవన్నీ నోట్లో మామూలుగా ఉండేవే, బయటినుంచి అంటుకున్నవి కావు. అసలు గుజ్జు చచ్చేది బ్యాక్టీరియా వల్లేనని 1965లో కాకెహాషి బృందం ఎలుకల మీద చూపించింది. ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లో పంటి గుజ్జు తెరిచి వదిలేస్తే మానిపోయింది, పైన కొత్త పొర కూడా కట్టింది. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లి వేరు కొన దగ్గర చీము పట్టింది. పంటి వైద్యమంతా ఆ లోపలి బ్యాక్టీరియాను తీసేయడం చుట్టూనే తిరిగేది ఇందుకే.

షాపులో ఇచ్చిన బిళ్ల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే అది మీ నాన్నగారికి నేరుగా ప్రమాదం. ఆర్నిడజోల్ గాలి లేనిచోట పెరిగే క్రిములను బాగానే చంపుతుంది. ఆఫ్లాక్సాసిన్ మాత్రం నోటి స్ట్రెప్టోకాకస్‌ల మీద నమ్మదగ్గ మందు కాదు, పంటి చీముకు మొదటి ఎంపిక అసలే కాదు. అంతకంటే ముఖ్యం, ఈ తరగతి మందులు రక్తంలో షుగర్‌ను అటూ ఇటూ ఊపేస్తాయి. గ్లిమెపిరైడ్ వేసుకునేవారిలో షుగర్ ఉన్నట్టుండి బాగా పడిపోయే ప్రమాదం ఉంది. పన్ను నొప్పితో అన్నం తినలేక, ఉదయం మామూలుగా గ్లిమెపిరైడ్ వేసుకుని, దానిపైన ఈ బిళ్ల కూడా వేసుకుంటే చెమటలు, వణుకు, మాట తడబడటం, స్పృహ తప్పడం దాకా వెళ్లొచ్చు. అరవై దాటినవారిలో కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు, ముఖ్యంగా మడమ వెనకది, దెబ్బతినడం కూడా ఈ మందులతో తెలిసిన ఇబ్బందే. ఇంట్లో మిగిలిన స్ట్రిప్పులుంటే దాచుకోకుండా తీసేయండి.

ఇక చీము పరీక్ష. ఇప్పుడున్న స్థితిలో దానివల్ల మీకు ఒరిగేది తక్కువ. పొక్కు మీద దూది పుల్లతో రుద్ది ల్యాబుకు పంపితే అందులో నోటి ఉమ్మిలోని క్రిములన్నీ కలుస్తాయి. అసలు కారకుల్లో చాలావరకు గాలి తగిలితే చచ్చిపోతాయి. రిపోర్టులో ‘నోటిలో సహజంగా ఉండే క్రిములు’ అనో, ‘ఏమీ పెరగలేదు’ అనో వస్తుంది, డబ్బు పోతుంది. సరిగ్గా చేయాలంటే చిగురు ఆరబెట్టి, క్రిమిసంహారకం రాసి, పగలని చీముగడ్డలోంచి సూదితో లాగి, సిరంజిలోని గాలి తీసేసి, గాలి లేని ప్రత్యేక సీసాలో వెంటనే ల్యాబుకు చేర్చాలి. జవాబుకు కొన్ని రోజులు పడుతుంది. మెడలోకి పాకి ఆస్పత్రిలో చేరినవారికీ, చీము తీసినా తగ్గనివారికీ, రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవారికీ ఆ శ్రమ తప్పక పెట్టుకోవాలి. అలాంటప్పుడు ప్రివోటెల్లా పెనిసిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తోందా అన్నది కూడా పనికొస్తుంది. అప్పుడు పెనిసిలిన్ జాతి మందైన అమాక్సిసిలిన్‌కు ఆ ఎంజైమును అడ్డుకునే క్లావులనేట్ జోడిస్తారు, లేదా మెట్రోనిడజోల్ కలుపుతారు.

డాక్టరు దగ్గర ఏం జరుగుతుందో ముందే తెలిస్తే నాన్నగారి భయం సగం తగ్గుతుంది. పన్నును చిన్న పరికరం వెనకవైపుతో తట్టి చూస్తారు. చల్లని దూది ఆనించి పన్ను బతికుందో లేదో చూస్తారు. చిగురుకూ పంటికీ మధ్య లోతు కొలుస్తారు, ఎందుకంటే చిగుళ్ల జబ్బువల్ల వచ్చే చీముగడ్డ వేరు, దాని వైద్యమూ వేరు. షుగర్ ఉన్నవారిలో అదీ ఎక్కువే. తర్వాత వేరు కొన కనిపించేలా చిన్న ఎక్స్‌రే. ఇక్కడ పొక్కు మీకు మేలే చేస్తుంది. అందులోకి గట్టాపెర్చా అనే మెత్తని సన్నని పుల్లను నెమ్మదిగా దూర్చి ఎక్స్‌రే తీస్తే చీము ఏ వేరు దగ్గర పుడుతోందో ఆ పుల్ల కొన చూపిస్తుంది. అనుకున్న పన్ను కాకుండా పక్కది అని తేలిన సందర్భాలు తక్కువేం కాదు, కాబట్టి ఈ ఎక్స్‌రే తీయమని మీరే అడగండి. కొందరిలో ఈ దారి చిగురు మీదికి కాక బయట గడ్డం చర్మం మీదికి తెరుచుకుంటుంది. పైన ఎన్ని ఆయింట్‌మెంట్లు పూసినా తగ్గని అలాంటి పుండుకు మూలం లోపల చచ్చిన పన్నే.

పీకాలా, ఉంచాలా అన్నది ఎక్స్‌రే చూశాకే తేలుతుంది. చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది, చుట్టూ ఎముక ఎంత ఉంది, వేరు నిలువునా చీలిందా? ఈ మూడూ అడగండి. చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల గట్టి పంటి గోడ మిగిలి, వేరు చీలకుండా ఉంటే రూట్ కెనాల్‌కు మంచి అవకాశం ఉంది. ఉన్నంతలో సొంత పన్ను కాపాడుకోవడమే మా సలహా. పన్ను చిగురు దాకా విరిగిపోయినా, నిలువునా చీలినా, పదే పదే వెళ్లలేని పరిస్థితి అయినా తీయించడమే నిజాయితీ గల వైద్యం, దానికి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. రెంటిలో ఏది చేసినా మూలం పోతుంది. ఏదీ చేయకుండా బిళ్లలతో నెట్టుకురావడమే తప్పు.

రూట్ కెనాల్ అయితే ఇలా చేయాలి. ఉమ్మి లోపలికి పోకుండా పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పల్చని తెర కడతారు. కట్టకపోతే ఎందుకు కట్టలేదని అడగడం మీ హక్కు. కింది మొదటి దవడ పన్నులో సాధారణంగా మూడు, చాలామందిలో నాలుగు కాలువలుంటాయి. రూట్ కెనాల్ చేయించాక కూడా చీము తిరగబెట్టడానికి పెద్ద కారణాల్లో ఒకటి, ఆ నాలుగోది దొరక్క వదిలేయడం. కాలువను సూదుల్లాంటి ఫైళ్లతో వెడల్పు చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో మళ్లీ మళ్లీ కడుగుతారు. బట్టల బ్లీచింగ్ వాసన వస్తే కంగారు పడొద్దు, చచ్చిన గుజ్జును కరిగించేది, జిగురు పొరలోని క్రిములను చంపేది అదే. చీము ఆగకపోతే లోపల కాల్షియం హైడ్రాక్సైడ్ పేస్టు పెట్టి తాత్కాలికంగా మూసి వారం నుంచి రెండు వారాల తర్వాత రమ్మంటారు. చీము పోవాలని పన్నును రోజుల తరబడి తెరిచి వదిలేయడం పాత పద్ధతి. అలా వదిలితే తిన్న అన్నం, కొత్త క్రిములు అన్నీ లోపలికే పోతాయి. ఆరాక గట్టాపెర్చాతో నింపి, ఆ పైన క్యాప్ వేస్తారు. క్యాప్ ఖర్చు ఎందుకని చాలామంది అక్కడ ఆగిపోతారు. నింపిన దవడ పన్ను క్యాప్ లేక ఏడాదిలోపే చీలిపోతే అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా వృథా.

విశాఖలో ఖర్చు ఇబ్బందిగా ఉంటే రుషికొండ దగ్గరి గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలోని అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. బోధనాస్పత్రుల్లో మామూలుగా ఖర్చు తక్కువ, సమయం ఎక్కువ పడుతుంది. గాజువాక నుంచి రెండూ ఊరికి ఆ చివర కాబట్టి ఓపీ వేళలు ముందు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

వెళ్లే రోజు ఉదయం టిఫిన్ తిని, షుగర్ బిళ్లలు ఎప్పటిలాగే వేసుకుని, ఉదయపు అపాయింట్‌మెంటుకే వెళ్లాలి. ఖాళీ కడుపుతో వెళ్లడం పొరపాటు. మందుల చీటీలు, కొత్త షుగర్ రిపోర్టు, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు ఉంటే అదీ, జేబులో గ్లూకోజ్ పొట్లం పట్టుకెళ్లండి. ఆస్పిరిన్ 75 మీ అంతట మీరు ఆపొద్దు. ఒక పన్ను తీయడానికి దాన్ని ఆపనక్కర్లేదు, రక్తం కాసేపు ఎక్కువ కారినా గాజ్ గుడ్డ ముక్కను గట్టిగా కరిచిపట్టుకుంటే, అవసరమైతే ఒక కుట్టు వేస్తే ఆగుతుంది. ఆపితే గుండెకు వచ్చే ముప్పే పెద్దది. ‘షుగర్ తగ్గాకే చూస్తాం’ అని పంపించేస్తే, క్యాప్ లాంటి తొందర లేని పనికి ఆ మాట సరే. చీము తీయడానికి మాత్రం కాదు. చీము ఉన్నంతకాలం షుగర్ దిగిరాదు, షుగర్ దిగనంతకాలం క్రిములతో పోరాడే తెల్లకణాలు మందకొడిగానే ఉంటాయి. కాబట్టి షుగర్ డాక్టరు, పంటి డాక్టరు ఒకే వారంలో చూడాలి. కొత్తగా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి బిళ్లలు మొదలుపెట్టి ఉంటే, నొప్పితో తిండి మానేసిన రోజున వాటి సంగతి డాక్టరును తప్పక అడగండి. తిండి లేకుండా అవి వేసుకుంటే షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తం ఆమ్లంగా మారిపోవచ్చు.

చూపు పోవడం గురించి: కంటిచూపు నరం వేరు, పళ్ల నరాలు వేరు. పన్ను తీసినంత మాత్రాన చూపు తగ్గదు. చీము పట్టిన పై పన్నును వదిలేస్తే మాత్రం ఆ చీము కంటి చుట్టూ, అరుదుగా మెదడు దాకా వెళ్లొచ్చు. ఆ భయాన్ని వైద్యం మానడానికి కాక, చేయించుకోవడానికి కారణంగా నాన్నగారికి చెప్పండి. వాపున్నప్పుడు పన్ను తీయకూడదన్నదీ ఇలాంటిదే. చీము పట్టినచోట మత్తుమందు సరిగా పనిచేయదన్నది నిజం. అక్కడ ఆమ్లత్వం ఎక్కువై మందు నరంలోకి దిగలేదు. అందుకే కింది దవడలో వాపుకు దూరంగా, దవడ వెనక భాగంలో నరం మొదట్లోనే మత్తు ఇస్తారు. నోరు తెరుచుకుని, మత్తు పట్టిందంటే వాపుండగానే తీయొచ్చు.

ఈలోపు బుగ్గ మళ్లీ వాచితే ఆ రోజే వెళ్లాలి. మెత్తబడిన వాపుకు నోటి లోపలి వైపు సెంటీమీటరు గాటు పెట్టి, మొండి కొన ఉన్న ఫోర్సెప్స్‌తో లోపలి గదులు విడదీసి, సెలైన్‌తో కడిగి, మళ్లీ మూసుకుపోకుండా చిన్న రబ్బరు ముక్క పెట్టి ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు. వాపుతో జ్వరం, మెడలో గడ్డలు, నోరు తెరవలేకపోవడం ఉంటేనో, వాపు పాకుతుంటేనో యాంటీబయాటిక్ జోడిస్తారు. పెనిసిలిన్ పడనివారు కాకపోతే సాధారణంగా అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, మూడు నుంచి ఏడు రోజులు ఇచ్చి, మూడో రోజు లోపే మళ్లీ చూస్తారు. ఇప్పుడు చీము కారుతూ జ్వరం, వాపు లేని స్థితిలో చాలామందికి యాంటీబయాటిక్ అవసరమే ఉండదు. ఆయన షుగర్‌ను బట్టి డాక్టరు వేరేగా నిర్ణయించవచ్చు, ఆ నిర్ణయం మాత్రం కౌంటర్ దగ్గర జరగకూడదు. మెట్రోనిడజోల్ రాస్తే ఆ రోజుల్లోనూ, ఆపాక మరో రెండు రోజులూ మద్యం ముట్టకూడదు.

నొప్పికి ఆయనకు పారాసెటమాల్ 650 ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా. అందరూ వేసుకునే ఐబుప్రోఫెన్, కీటోరొలాక్ ఆయన విషయంలో డాక్టరును అడగందే వద్దు. పన్నెండేళ్ల షుగర్, టెల్మిసార్టాన్, సరిగా నీళ్లు తాగలేని స్థితి కలిస్తే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది, ఆస్పిరిన్ పక్కన అయితే కడుపులో రక్తస్రావం కూడా. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించవచ్చు. బుగ్గ మీద బయటినుంచి వేడి కాపడం పెట్టకండి, చీము చర్మం వైపు తిరిగి బయటికి పగిలి మచ్చ మిగులుతుంది. పన్ను మీద జిల్లేడు పాలు, సున్నం, ఆస్పిరిన్ బిళ్ల పెట్టడం చిగురును కాల్చేస్తుంది. లవంగ నూనె పుచ్చులో ఒక చుక్క దూదితో పెడితే బతికున్న పంటి సలుపు కాస్త తగ్గుతుంది, చీముకు దానివల్ల ఉపయోగం లేదు. పొక్కును పిన్నుతో పొడవనే పొడవద్దు.

రాత్రి సంగతి చాలా ముఖ్యం, ఎందుకంటే మీరు రాసినది కింది దవడ పన్ను. కింది రెండో, మూడో దవడ పళ్ల వేరు కొనలు నోటి అడుగున పరిచి ఉండే కండరం కిందికి దిగి ఉంటాయి. అక్కడ పగిలిన చీము నోట్లోకి కాక దవడ కింద మెడలోకి జారుతుంది. రెండువైపులా పాకి నోటి అడుగంతా చెక్కలా గట్టిపడి, నాలుకను పైకి, వెనక్కి నెట్టి ఊపిరి మూసే స్థితిని 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు, ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. గంటల్లో ముదురుతుంది. కాబట్టి నోట్లో రెండు వేళ్లు నిలువుగా పట్టకపోయినా, మింగలేక చొంగ కారుతున్నా, మాట నోట్లో వేడి ముద్ద పెట్టుకున్నట్టు మారినా, నాలుక కింద గట్టిగా ఉబ్బినా, వాపు వల్ల దవడ ఎముక కింది అంచు చేతికి తగలకపోయినా, పడుకుంటే ఊపిరి ఆడకపోయినా, పై పళ్ల వాపుతో కన్ను మూసుకుపోయినా తెల్లారేదాకా ఆగొద్దు. 101 డిగ్రీలు దాటిన జ్వరంతో వణుకు, మగతగా ఉండటం, షుగర్ 300 దాటడం కూడా అంతే. పంటి క్లినిక్కు కాదు, నేరుగా కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) క్యాజువాలిటీకి, లేదా రాత్రంతా మత్తు డాక్టరు, సర్జన్ ఉండే పెద్దాస్పత్రికి 108లో తీసుకెళ్లండి. దారిలో పడుకోబెట్టకుండా కూర్చోబెట్టే తీసుకెళ్లండి.

ఇంకో సంగతి మీ ఉత్తరంలో లేదు గానీ అడగాలి. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దలు ఇంకా ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా ఆ అలవాటుండి, అంగిట్లో పుండో గడ్డో రెండు వారాలు దాటినా మానకపోతే దాన్ని చీముగడ్డ అనుకుని బిళ్లలు వాడుతూ కూర్చోవద్దు. ముక్క తీసి క్యాన్సర్ పరీక్షకు పంపాలి.

వైద్యం అయ్యాక పొక్కు సాధారణంగా రెండు మూడు వారాల్లో మానిపోతుంది. ఎముక నిండటానికి నెలలు పడుతుంది కాబట్టి ఆరు నెలలకు, ఏడాదికి అదే పన్ను ఎక్స్‌రే తీయించి మొదటిదానితో పక్కపక్కన పెట్టి చూపించమనండి. నల్లని నీడ చిన్నదవుతుంటే మంచిదే, మరికొన్నాళ్లు చూడొచ్చు. అలాగే ఉన్నా, పెరిగినా, పొక్కు తిరిగి లేచినా, కాలువ ఏదైనా మిగిలిందేమో పన్ను మళ్లీ తెరిచి చూస్తారు, లేదా చిగురు తెరిచి వేరు కొన కత్తిరిస్తారు. అప్పటికీ కుదరకపోతే పన్ను తీసేస్తారు.